పాత ట్రంకుపెట్టెలో దొరికిన పుస్తకం: బొజ్జా తారకం గారి గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పాతపెట్టె (శుక్రవారం రాత్రి)

అందరికీ నమస్తే. చాలా రోజులుగా చదివి వెళ్లిపోతుంటాను, రాయడం ఇదే మొదలు.

నాన్న పోయి ఏడాదైంది. సంవత్సరీకానికని పుణె నుంచి ఊరొచ్చాను. మాది అమలాపురం పక్కన పల్లె. నాన్న ముప్పై ఏళ్లకు పైగా వకీలు గుమాస్తాగా చేశారు. లాయరు కాదండి, గుమాస్తా. కేసు కట్టలు మోయడం, కోర్టు ఫీజు స్టాంపులు కొనడం, వాయిదా ఎప్పటికి పడిందో బెంచి గుమాస్తాను అడిగి పార్టీలకు చెప్పడం, సాయంత్రం లాయరు గారి ఇంట్లో రేపటి కట్టలు వరసగా పెట్టడం. నేను ఇంజనీరింగులో ఉన్నప్పుడు ఎవరైనా మీ నాన్న ఏం చేస్తారంటే "కోర్టులో" అని ఊరుకునేవాణ్ణి. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అక్క ట్రంకుపెట్టె ఖాళీ చేసి పాత పేపర్లవాడికి వేసేద్దామంది. అందులో పాత పంచెముక్కలో చుట్టిన చిన్న పుస్తకం కనబడింది. అట్ట లేదు, ముందు పేజీలు చెదలు తినేశాయి, ఎప్పుడు వేశారో చూద్దామంటే ఆ కాగితమే లేదు. అట్ట పోయాక నాన్నే దళసరి కాగితం అతికించి, పైన తన చేత్తో "పోలీసులు అరెస్టు చేస్తే – బొజ్జా తారకం" అని రాసుకున్నారు. లోపలంతా ఎర్ర సిరా గీతలు. ఒకచోట 24 గంటలు అన్న మాట చుట్టూ రెండు సున్నాలు. అంచుల్లో సెక్షన్ నంబర్లు.

అర్థం కానిది చివరి ఖాళీ పేజీ. పదిహేడు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కన ఊరు, తేదీ, "పు. ఇచ్చాను", తర్వాత ఇంకో తేదీ, "పు. వచ్చింది". ఈ పుస్తకాన్నే ఊళ్లో వాళ్లకు చదవమని ఇచ్చేవారేమో అనుకుంటున్నా. కానీ కొందరి దగ్గర రెండేళ్లు, మూడేళ్లు ఉంచేవారా?

తారకం గారి పేరు విన్నాను గానీ ఆయనెవరో నాకు సరిగ్గా తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి. వికీపీడియా చూసుకో అనకండి, చూశాను.

కాట్రేనికోన కుర్రోడు

అయ్యో, పక్కూరి మనిషిని పట్టుకుని ఎవరని అడుగుతారేంటండీ! కందికుప్ప మనకెంత దూరమని. తారకం గారిది అదే ఊరు, 1939 జూన్ 27న పుట్టారు. వాళ్ల తాత గోవిందదాసు గారు తత్వాలు పాడేవారని మా పెద్దోళ్లు చెప్తారు. నాన్న బొజ్జా అప్పలస్వామి గారు దళితుల ఆది ఆంధ్ర ఉద్యమం మనిషి, అంబేడ్కర్ గారి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్లో పనిచేశారు, ఎమ్మెల్యే కూడా అయ్యారు. అంటే ఆ ఇంట్లో మూడు తరాలుగా ఇదే పని. ఒకరు పాటతో, ఒకరు పార్టీతో, ఈయన నల్లకోటుతో.

2022లో మన జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడితే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు కదా, ఆ రోజు మా తాత అరుగు మీద కూర్చుని "తారకం ఉంటే బావుణ్ణు" అన్నాడు. అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు కావస్తోంది.

ఇందూరు అన్న

కోనసీమోళ్లు ఆయన్ని మొత్తం మీ ఖాతాలో రాసుకోవద్దన్నా. ఆయన ప్రాక్టీసు నడిచింది మా నిజామాబాదులనే. 70లల్ల ఇక్కడ అంబేడ్కర్ యువజన సంఘం పెట్టి ఊరూరు తిరిగిండు. అప్పుడు మా దిక్కు దొర గడీ ముంగటి నుంచి చెప్పులేసుకుని పోవుడు కూడ కష్టమే. ఆంధ్రా నుంచి వచ్చిన లాయరు, యాస వేరు, ఎవలు నమ్ముతరు? నమ్మిండ్రు మరి. ఎమర్జెన్సీల పట్టుకపోయి జైల్ల పెట్టిండ్రు.

మా నాయిన బీడీ కార్ఖానాల పనిచేస్తుండె. సంఘం మీటింగు అంటే మాపటి పూట బీడీల గంప దించి పోతుండె. ఆయన చెప్పే ముచ్చట ఒక్కటే: "సంఘంలకు పొయ్యినంకనే ఠాణాల నిలబడి మాట్లాడుడు తెలిసింది, అంతకుముందు ఠాణా అంటే చేతులు కట్టుకునుడే."

డల్లాస్ బాబాయ్

మంచి టాపిక్. కారంచేడు దళితుల హత్యల కేసు వాదించి గెలిచింది ఈయనే కదా? సుప్రీంకోర్టు దాకా వెళ్లి శిక్ష వేయించారని చదివినట్టు గుర్తు.

నల్లకోటు

బాబాయ్ గారూ, అలా సినిమాల్లో జరుగుతుందండి. హత్య కేసులో ప్రాసిక్యూషన్ ప్రభుత్వానిది. బాధితుల తరఫు లాయరు ఎంత పెద్దవాడైనా పబ్లిక్ ప్రాసిక్యూటరు వెనక నిలబడి సాయం చేయాల్సిందే, చివర్లో రాతపూర్వకంగా వాదన ఇచ్చుకోవాల్సిందే. కాబట్టి ఫలానా లాయరు గెలిచాడు అనడం కుదరదు. కారంచేడు హత్యలు 1985 జూలై 17న జరిగాయి, సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్లు! దాన్ని గెలుపు అనాలో ఏమనాలో నాకు తెలియదు.

తారకం గారు చేసింది వేరు. అప్పుడాయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు, అంటే సర్కారు తరఫున వాదించే లాయరు. కారంచేడు జరిగాక నిరసనగా ఆ పదవికి రాజీనామా చేసి బయటికొచ్చారు. అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది, ఆయన అధ్యక్షుడు, కత్తి పద్మారావు గారు ప్రధాన కార్యదర్శి.

డల్లాస్ బాబాయ్

నాకు ఎప్పుడూ అర్థం కానిది అదే. రాజీనామా చేస్తే ఎవరికి లాభం? లోపల ఉండి ఫైళ్లు కదిలించొచ్చు కదా. బయటికొచ్చి జెండా పట్టుకోవడం తేలిక. కోపం తెచ్చుకోకండి, నిజంగానే అడుగుతున్నా.

నల్లకోటు

కోపమేం లేదు. ప్రభుత్వ ప్లీడరు పనేంటో తెలిస్తే మీరే ఆ మాట అనరు. పొద్దున హైకోర్టులో మీ శాఖ మీద ఇరవై రిట్లు పడి ఉంటాయి. మావాణ్ణి పోలీసులు ఎత్తుకెళ్లారని ఒకటి, మా భూమి లాక్కున్నారని ఒకటి. మీరు లేచి "ఇన్‌స్ట్రక్షన్స్ రావాలి మైలార్డ్, కౌంటరు వేయడానికి రెండు వారాల టైం కావాలి" అనాలి. కలెక్టరాఫీసు నుంచో ఎస్పీ ఆఫీసు నుంచో వచ్చిన కాగితంలో ఏముంటే అదే మీ వాదన, సొంత అభిప్రాయానికి అక్కడ చోటు లేదు. కారంచేడు బాధితులు రేపు ప్రభుత్వం మీద రిట్టు వేస్తే దాన్ని ఎదిరించి మాట్లాడాల్సింది ఆ బల్ల దగ్గర నిలబడ్డ మనిషే. లోపలుండి ఏ ఫైలు కదిలిస్తారండీ?

ఇంకోమాట, ఇది లాయర్లకే తెలుస్తుంది. మా వృత్తిలో నెల తిరిగేసరికి ఇంత అని చేతికి వచ్చే పని అదొక్కటే. దాని కోసం సీనియర్లు ఏళ్ల తరబడి రాజకీయ నాయకుల ఇళ్ల చుట్టూ తిరగడం నేను చూస్తూనే ఉన్నా. నన్నడిగితే, నేనైతే వదులుకునేవాణ్ణి కాదేమో. ఉన్న మాట చెప్తున్నా.

చీరాల స్టేషన్

ఇంత చర్చ జరుగుతోంది గానీ అసలు కారంచేడులో ఏం జరిగిందో ఇక్కడ పాతికేళ్ల పిల్లలకు తెలుసా? మాది చీరాల. నేనప్పుడు ఆరో తరగతి. నాకు తెలిసింది చెప్తా.

మాదిగ పల్లె మంచినీళ్ల చెరువు. ముందురోజు ఊరి పెద్ద కులం కుర్రాళ్లు అక్కడ గేదెకు కుడితి పెట్టి, ఆ మురికి చెరువులో పడేలా చేశారు. నీళ్లకొచ్చిన ఒక మహిళ అడ్డం మాట్లాడింది, కొట్టబోతే చేతిలో బిందె ఎత్తింది. అంతే. మర్నాడు తెల్లవారి ఊరు మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్లు పొలాలకు అడ్డంపడి చీరాల వచ్చారు. చర్చి ఆవరణలో ఉన్నారు. మా అమ్మ గంజి కాచి తీసుకెళ్తే నేను వెనకాల సత్తు గిన్నె పట్టుకుని వెళ్లా. నాకు గుర్తున్నది ఒక పెద్దావిడ. గంజి తాగకుండా గిన్నె ఒళ్లో పెట్టుకుని దాని అంచు మీద వేలితో గుండ్రంగా రాస్తూనే ఉంది. చల్లారిపోతోంది అవ్వా అంటే నన్ను చూసి మళ్లీ రాసుకుంటోంది.

"మేం తిరిగి ఆ ఊరు వెళ్లం" అన్నారు వాళ్లు. అది మామూలు నిర్ణయం కాదు. తాతల నాటి ఇళ్లు, కూలి పని, అన్నీ అక్కడే కదా. ప్రభుత్వం ఇళ్లు కట్టిస్తాం, పోలీసు కాపలా పెడతాం అన్నా వెళ్లలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ అయింది. ఆ శిబిరం నిలబడటం వెనక తారకం, పద్మారావు లాంటివాళ్లు ఉన్నారు. బాబాయ్ గారు అన్నట్టు జెండా పట్టుకోవడం తేలికేనేమో, ఆ వర్షంలో, ఆ జనంలో నెలల తరబడి నిలబడటం తేలిక కాదు.

డల్లాస్ బాబాయ్

సరే అమ్మా. జెండా మాట వెనక్కి తీసుకుంటున్నా.

లా మూడో ఏడు

నల్లకోటు సార్, ఒక డౌట్. అప్పుడు అట్రాసిటీ చట్టం లేదు కదా, మరి ఏ చట్టం కింద పెట్టారు?

నల్లకోటు

1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఉండేది. అంటరానితనం పాటిస్తే శిక్ష అన్నమాట. ఊరి మీద పడి చంపితే దానికి ఆ చట్టంలో జవాబు లేదు, మామూలు ఐపీసీ సెక్షన్లే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, అమల్లోకి 1990 జనవరి 30న. దాని వెనక కారంచేడు లాంటివాటి ఒత్తిడి ఉంది. ఆ చట్టానికి పెద్ద పరీక్ష చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. అక్కడి దళితులు శవాలను ఊరి నడిమధ్యే పాతిపెట్టారు, రక్తక్షేత్రం అంటారు ఇప్పటికీ. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టాలని ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించుకున్నారు. తారకం గారు ఆ పోరాటంలోనూ ఉన్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారు.

కోర్టు ఊళ్లోనే ఉండటం ఎందుకంత ముఖ్యమో చెప్తా. సాక్షి కూలిమనిషి. గుంటూరు వెళ్లాలంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోతాయి. తీరా వెళ్తే వాయిదా. నాలుగు వాయిదాలకు సాక్షి రావడం మానేస్తాడు, కేసు అక్కడే సగం చచ్చిపోతుంది. నేను రోజూ చూసేది ఇదే.

గోదారి గట్టు

ఎస్సీ వర్గీకరణ మీద ఆయన వైఖరి ఏంటి? దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

నిర్వాహకుడు

గోదారి గట్టు గారూ, వర్గీకరణకు వేరే చర్చ నడుస్తోంది, 400 పైచిలుకు వ్యాఖ్యలున్నాయి, అక్కడ కానివ్వండి. ఇక్కడ మొదలుపెట్టిన ఆయన వాళ్ల నాన్న పుస్తకం గురించి అడిగారు.

ఇందూరు అన్న

నిర్వాహకుడు జిందాబాద్ 😄

ఇంటి ముచ్చట ఎవలూ చెప్తలేరు. తారకం సార్ భార్య విజయభారతి గారు, బోయి భీమన్న గారి బిడ్డ. ఆమె తక్కువేం కాదు, అంబేడ్కర్ జీవితచరిత్ర తెలుగుల రాసింది, పురాణాలను తిరగేసి చూసింది. మామ కవి, భార్య రచయిత్రి, ఆయన లాయరు గాక కవి, నవల కూడ రాసిండు. కొడుకు రాహుల్ బొజ్జా తెలంగాణల ఐఏఎస్. ఊహించుకోండ్రి ఆ ఇంట్ల అన్నం కాడ ముచ్చట్లు ఎట్లుంటయో. మా ఇంట్ల అయితే ఎప్పుడూ కరెంటు బిల్లే.

లా మూడో ఏడు

అన్నా 😂

మా కాలేజీలో రాజ్యాంగ చట్టం సార్ ఒకసారి అన్నారు, పౌర హక్కుల లాయర్లు కన్నబిరాన్, బాలగోపాల్, తారకం ముగ్గురూ ఏడేళ్లలో పోయారని. బాలగోపాల్ 2009 అక్టోబరు, కన్నబిరాన్ 2010 డిసెంబరు, తారకం 2016 సెప్టెంబరు 16. ముగ్గురూ మూడు దారుల్లో వచ్చారు. బాలగోపాల్ గారైతే లెక్కల మాస్టారు, తర్వాత లా చదివారు. మా బ్యాచిలో అరవై మందిమి ఉన్నాం. క్రిమినల్ సైడు వెళ్తానన్నది నలుగురమే. మిగతా అంతా కార్పొరేట్. తప్పని అనట్లేదు, జూనియర్లకు నెలకు ఐదువేలు కూడా ఇవ్వని సీనియర్లున్నారు, ఇంట్లో ఏం చెప్పాలి?

నల్లకోటు

ఐదువేలా? నాకు మొదటి రెండేళ్లు టీ, సమోసా ఇచ్చారు.

పాతపెట్టె గారూ, ఇందాకటి నుంచి మీ చివరి పేజీయే నా బుర్రలో తిరుగుతోంది. ఒక పని చేయండి. మొదటి పేరు పక్కన "వచ్చింది" తేదీ, రెండో పేరు పక్కన "ఇచ్చాను" తేదీ చూడండి. అలా కిందిదాకా చూసుకుంటూ పోండి. ఒకటి వచ్చాకే ఇంకొకటి ఇచ్చారా, లేక మధ్యలో ఎక్కడైనా ఒకేసారి ఇద్దరి దగ్గర ఉందా?

పాతపెట్టె

ఇప్పుడే చూశాను సార్. ఎక్కడా కలవలేదు. ఒకటి వచ్చిన తర్వాతే ఇంకొకటి. ఒకచోట అయితే పొద్దున వచ్చింది, అదే రోజు మళ్లీ ఇచ్చారు. మొదటిది 1987, చివరిది 2009.

నల్లకోటు

అయితే అది ఈ పుస్తకం కాదండి. ఇంట్లో అమ్మగారు ఉంటే మీ పట్టాదారు పాసు పుస్తకం ఎక్కడుండేదో అడగండి.

కాట్రేనికోన కుర్రోడు

అమ్మ బాబోయ్. జామీనా?

పాతపెట్టె (శనివారం ఉదయం)

రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున అమ్మ కాఫీ కలుపుతుంటే అడిగాను. "పుస్తకం ఇచ్చాను అంటే ఏంటమ్మా" అని. స్టవ్ కట్టేసి నావైపు తిరిగింది. "ఎక్కడ రాశాడు? చూపించు" అంది. చూపించాను. కళ్లజోడు పెట్టుకుని పదిహేడు పేర్లూ చదివింది. ప్రతి పేరుకీ ఒక మాట చెప్పింది. వీడు కొబ్బరికాయల దొంగతనం అని పెట్టారు, దొంగ కాదు. వీళ్ల అన్నదమ్ములు గట్టు తగాదా. ఈ పిల్లాడు రికార్డింగ్ డాన్సు గొడవలో పక్కన నిలబడ్డాడు అంతే.

మాకు ముప్పై సెంట్ల కొబ్బరితోట ఉంది. అదొక్కటే ఆస్తి. పేటలో ఎవర్ని పట్టుకెళ్లినా, బెయిలు వచ్చినా, జామీనుకు, అంటే పూచీ నిలబడటానికి, భూమి కాగితం ఉన్నవాడు దొరికేవాడు కాదట. లాయరు ఉన్నా, ఆర్డరు ఉన్నా, జామీను లేక లోపలే ఉండేవారట. నాన్న ఆ పాసు పుస్తకం పట్టుకెళ్లి పెట్టేవారు. కేసు తేలేదాకా అది కోర్టులోనే. నా ఇంజనీరింగుకు బ్యాంకు లోను కోసం ఆ పుస్తకం కావాలంటే అప్పుడు పదకొండో పేరు వాడి కేసులో ఉందట, అందుకే అమ్మ గాజులు పెట్టారట. అవి ఎందుకు పెట్టారో నాకు ఇన్నేళ్లు తెలియదు.

"మీ నాన్నతో నేను పోట్లాడింది దీని గురించే, ఇంకో విషయం మీద ఎప్పుడూ పోట్లాడలేదు" అంది అమ్మ. ఇంతకీ పద్నాలుగో పేరు పక్కన "వచ్చింది" తేదీ కింద చిన్న అక్షరాలతో 6,000 అని ఉంది. ఆ మనిషి వాయిదాకు రాకుండా దుబాయ్ పోయాడట. ఆ జామీను డబ్బు నాన్న కట్టారు. ఎవరికీ చెప్పొద్దన్నారట. సరే, నేను చెప్పేశాను.

చీరాల స్టేషన్

బాబూ, అమ్మను ఒకసారి మా తరఫున దగ్గరికి తీసుకో.

నల్లకోటు

సార్, ఒక్క మాట చేదుగా ఉంటుంది, తప్పుగా తీసుకోకండి. ఒకే మనిషి మాటిమాటికీ జామీను నిలబడితే కోర్టు అనుమానంగానే చూస్తుంది. డబ్బు తీసుకుని జామీనుకొచ్చేవాళ్లు ప్రతి కోర్టు గుమ్మం దగ్గరా ఉంటారు, అందుకే తర్వాత చట్టం మార్చి, జామీనుదారు ఇంతకుముందు ఎంతమందికి నిలబడ్డాడో చెప్పాలన్నారు. వకీలు గుమాస్తా నిలబడితే ఇంకా మాటలు పడతాడు. మీ నాన్నగారు ఆ మాటలు కూడా పడే ఉంటారు. నేను ఆయన లాయరు గారి స్థానంలో ఉండుంటే వద్దనే చెప్పేవాణ్ణి. చెప్పినా వినేవారు కాదనుకోండి.

పాతపెట్టె

లాయరు గారు రెండుసార్లు కేకలేశారట, అమ్మ చెప్పింది. మీరన్నది నిజమే సార్.

ఒకటి అడగాలి. నాన్న పదో తరగతి దాకా చదివారు. ఈ పుస్తకం ఆయనకు ఎవరిచ్చి ఉంటారు?

ఇందూరు అన్న

ఎవలిచ్చేదేంది అన్నా, అది సభల దగ్గర బల్ల మీద పెట్టి అమ్మే పుస్తకం. హైదరాబాద్ బుక్ ట్రస్టోళ్లు వేసిన్రు, ఎన్నిసార్లు అచ్చయిందో. మా నాయిన దగ్గర కూడ ఉండె. సంఘపోళ్లు తీసుకపోయిన్రు, మళ్ల రాలే. అందుల గొప్ప భాష ఉండది. లాయరు కక్షిదారుకు వరండాల నిలబడి చెప్పినట్టు ఉంటది. "నిన్ను ఎందుకు పట్టుకపోతున్నరో అడుగు, చెప్పాలె", గిట్లనే. లాయర్లు మామూలుగ చేసేది ఏంది? మనకు తెల్వనిది వాళ్లకు తెలుసు కాబట్టి ఫీజు. ఈయన ఆ తెలిసిందాన్ని రెండు మూడు రూపాయలకు బజార్ల పెట్టిండు. సాటి లాయర్లకు కడుపు మండకుంటే ఎట్ల 😄

డల్లాస్ బాబాయ్

నిన్నటి నుంచి చదువుతున్నా. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా. మా నాన్న కూడా లాయరే, గుంటూరు వైపు. సివిలు కేసులు, భూములు, మంచి పేరు. ఇల్లు కట్టారు, మమ్మల్ని చదివించారు. కానీ మా నాన్న గుమాస్తా పేరు నాకు తెలియదు. రోజూ ఇంటికొచ్చేవాడు, వాకిట్లో బెంచీ మీద కూర్చునేవాడు. ఆయనకూ ట్రంకుపెట్టె ఉండే ఉంటుంది.

కొత్తగా వచ్చా

క్షమించండి, మధ్యలో దూరుతున్నా. ఇక్కడ లాయర్లు ఉన్నట్టున్నారు కాబట్టి. మా మేనమామకు 63 ఏళ్లు, షుగరు. మా వీధిలో రెండు పార్టీలు కొట్టుకుంటుంటే గేటు దగ్గర నిలబడి చూశాడు, అంతే. రేపు పొద్దున తొమ్మిదికి స్టేషన్‌కు రమ్మని ఫోన్ చేశారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. అత్త రాత్రి నుంచి ఒకటే టెన్షన్, అన్నం తినలేదు. వెళ్లకపోతే కేసులో ఇరికిస్తారేమో అని భయం. ఏం చేయాలి?

నల్లకోటు

ముందు అత్తగారిని అన్నం తినమనండి. మేనమామ సాక్షి మాత్రమే, ముద్దాయి కాదు, అవునా? అయితే సాక్షిని పిలవాలంటే రాతపూర్వకంగా పిలవాలి. అరవై దాటిన మగవాళ్లను, పదిహేనేళ్ల లోపు పిల్లలను, ఆడవాళ్లను, వికలాంగులను స్టేషన్‌కు రమ్మనడానికి లేదు, వాళ్లు ఉండే చోటికే వచ్చి అడగాలి. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, అంటే బీఎన్ఎస్ఎస్, 179వ సెక్షన్. పాత సీఆర్పీసీలో 160, అప్పుడు వయసు అరవై ఐదు. గొడవ పెట్టుకోవద్దు. ఫోన్ చేసి "సార్, మామయ్యకు 63, ఆరోగ్యం బాలేదు, మీరు ఎప్పుడొస్తారో చెబితే ఇంట్లోనే ఉంటారు" అని మర్యాదగా చెప్పండి. ఆధార్ కార్డు జిరాక్సు దగ్గర పెట్టుకోండి, వయసు చూపించడానికి.

లా మూడో ఏడు

ఇంకోటి. వచ్చి రాసుకున్నాక సంతకం పెట్టమంటే పెట్టక్కర్లేదు. దర్యాప్తులో పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది. పాత 162, ఇప్పుడు 181. లాయరు కావాలంటే, డబ్బు ఇబ్బంది అయితే, 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం.

కొత్తగా వచ్చా (ఆదివారం మధ్యాహ్నం)

వచ్చి వెళ్లారండీ. ఫోన్లో ముందు కొంచెం గట్టిగానే మాట్లాడారు, మామయ్య వయసు చెప్పి మీరన్నట్టే అంటే కాసేపు ఆగి "సరే, మేమే వస్తాం" అన్నారు. ఇద్దరు వచ్చారు, అత్త టీ ఇచ్చింది. మామయ్య చూసింది చూసినట్టు చెప్పాడు. చివర్లో కాగితం తిప్పి సంతకం అన్నారు. మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "సాక్షి సంతకం పెట్టక్కర్లేదట కదండీ" అన్నాడు. వచ్చినవాళ్లలో ఒకాయన మా మామయ్య మొహంలోకి చూసి "ఎవరు చెప్పారు?" అన్నాడు. మామయ్యకు ఏం చెప్పాలో తెలియక "మా మేనల్లుడు" అన్నాడు. నవ్వేసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతే. అత్త ఇప్పుడు పడుకుంది.

ఇందూరు అన్న

శభాష్ మామా.

పాతపెట్టె

రేపు పుణె వెళ్తున్నా. పుస్తకం నాతో తీసుకెళ్దామనుకున్నా, అమ్మ వద్దంది. ఇక్కడే ఉండనీ, పేటలో పిల్లలు ఎవరైనా అడుగుతారు అంది. ఫొటోలు తీసుకున్నా.

నాన్న అంచుల్లో రాసిన సెక్షన్ నంబర్లన్నీ పాతవి కదా. పెన్సిలుతో పక్కన కొత్తవి రాస్తున్నా, సిరాతో రాయడానికి చెయ్యి రాలేదు. 50 పక్కన 47. 57 పక్కన 58, ఇది ఆయన రెండు సున్నాలు చుట్టిన 24 గంటలది. 162 పక్కన 181. ఇంకేమైనా వదిలేశానా?

లా మూడో ఏడు

160 పక్కన 179 రాయండి. 41ఏ ఉంటే 35(3). ఎఫ్ఐఆర్ 154 ఉంటే 173. 50ఏ ఉందా? అది చుట్టాలకు కబురు చెప్పడం గురించి, ఇప్పుడు 48.

పాతపెట్టె

50ఏ ఉంది. దాని పక్కన నాన్న మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు రాశారు.